వినని వాయిస్ మెసేజ్: అమ్మానాన్నలను పోగొట్టుకున్న ఒక అమ్మాయి కేసు

విజయవాడ సూర్యారావుపేటలో నా కౌన్సెలింగ్ గదికి నేరుగా వచ్చేవాళ్లు తక్కువ. తలనొప్పి అనో, గ్యాస్ అనో, నిద్ర పట్టడం లేదనో ముందు ఫిజీషియన్ దగ్గరికి వెళ్తారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని తేలాక ఆయన చీటీ రాసిస్తే అప్పుడు మా మెట్లెక్కుతారు. ఈ అమ్మాయి కూడా 2024 నవంబర్‌లో అలాగే వచ్చింది. వయసు ఇరవయ్యారు. బీకాం చదివి, గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు చూస్తోంది. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో పిన్ని వాళ్లింట్లో. రోజూ రైల్లో వచ్చి వెళ్తుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 అన్నీ మామూలుగానే ఉన్నాయి. చీటీలో ‘పని ఒత్తిడి, టెన్షన్’ అని రాసి ఉంది.

తను చదివి సరేనన్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను, పేర్లు వాడలేదు. అమ్మానాన్నలు లేని పిల్లకు ఒక సంబంధం చూసి ముడిపెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయని మా వైపు పెద్దవాళ్లు మందు చీటీ రాసినంత తేలిగ్గా చెప్పేస్తారు. ఆ మందు ఈ అమ్మాయి మీద ఒకసారి వాడి చూశారు. తర్వాత ఆమె జీవితంలోకి నిజంగానే ప్రేమ వచ్చింది. ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందో చెప్పడం కోసమే ఈ కేసు.

వచ్చినప్పటి పరిస్థితి

ఏ రోజుల్లో బాధ ఎక్కువగా ఉంటుందో ఒక నెలపాటు రాసుకురమ్మన్నాను. లెక్కల మనిషి కదా, తేదీలు వేసి శుభ్రంగా పట్టిక గీసి తెచ్చింది. 11వ తేదీ జీఎస్టీఆర్-1 గడువు, 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ గడువు. ఆ రెండు తేదీల మధ్య, రాత్రి తొమ్మిదింటి దాకా ఆఫీసులో ఉండే రోజుల్లో, తలనొప్పి లేదు, ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది. 21 నుంచి మొదలు. అన్నం సయించదు, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది, నెల చివర్లో రెండు రోజులు సెలవు పెట్టాల్సి వస్తుంది. పని ఒత్తిడి తగ్గగానే కూలబడుతోంది. చీటీలో రాసినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో స్కోరు 14 వచ్చింది, అంటే డిప్రెషన్ లక్షణాలు మధ్యస్థంగా ఉన్నట్టు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు కానీ, అడిగితేనే వాళ్లకు కాస్త ఊపిరాడుతుంది. “చచ్చిపోవాలని కాదు మేడమ్. వాళ్లున్న చోటికి వెళ్లిపోతే బాగుండనిపిస్తుంది” అంది. ప్రయత్నం గానీ, ప్లాన్ గానీ లేవు. అయినా పిన్నికి విషయం తెలియాలని ఒప్పించాను. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఫోనులో సేవ్ చేయించాను. నిద్ర కోసం సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆయన ఇచ్చిన మాత్ర కొద్ది వారాలకే ఆపేశారు.

నేపథ్యం

నాన్న ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. సింగ్‌నగర్‌లో సొంతిల్లు, రెండు గదులు. ఒక్కతే కూతురు.

2021 మేలో, కరోనా సెకండ్ వేవ్‌లో, నాన్నకు ఆక్సిజన్ 88కి పడిపోయింది. అమ్మకూ పాజిటివే, పక్క గదిలో ఉంది. నాన్న ఇంట్లోనే ఉంటానన్నాడు. వద్దని పట్టుబట్టి, ఆటో మాట్లాడి, ఆసుపత్రిలో చేర్చింది ఈ అమ్మాయే. ఇరవై రెండేళ్ల పిల్ల. మళ్లీ ఆయన్ని చూడలేదు. కవర్లో చుట్టిన శరీరాన్ని పెదనాన్న కొడుకు పీపీఈ కిట్ వేసుకుని దూరం నుంచి చూశాడు, అంతే. 2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, ఉదయం కాఫీ తీసుకెళ్లి లేపితే అమ్మ లేవలేదు.

ఏడాది లోపు కన్యాదానం చేసేస్తే మంచిదని పెదనాన్న ఆ వేసవిలోనే సంబంధం తెచ్చాడు. ఆమె మొదటి చూపులకే సరేనంది. అబ్బాయితో ఏం మాట్లాడావని అడిగితే గుర్తు లేదంది. వాళ్లమ్మ మాత్రం బాగా గుర్తుంది. “లోపలికి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని, చిక్కిపోయావేంటమ్మా, తింటున్నావా అని అడిగారు మేడమ్. అంతే, ఒప్పేసుకున్నాను.” సింగ్‌నగర్ ఇల్లు అమ్మి డబ్బు చేతికివ్వాలని అవతలివాళ్లు మెలిక పెట్టడంతో సంబంధం చెడింది. అబ్బాయి పోయినందుకు ఆమెకు బాధ లేదు. వాళ్లమ్మకు ఫోన్ చేయాలని మాత్రం నెలల తరబడి చెయ్యి పీకేది.

పిన్ని వాళ్లింటికి వెళ్లిపోయాక ఇంటికి తాళం వేసింది. ఏ వస్తువూ కదపలేదు. నాన్న చొక్కా వంకీకే ఉంది, అమ్మ మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ అలాగే ఉంది. ఆదివారం ఆదివారం వచ్చి, దీపం పెట్టి, కాసేపు కూర్చుని వెళ్లేది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచేసింది. రోజుల తరబడి నీళ్లు నిలబడ్డాయి. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే పెళ్లి ఆల్బమ్ అట్టకట్టి ముద్దయిపోయింది. జాకెట్లు కుట్టించుకునేవాళ్ల కొలతలు అమ్మ రాసుకున్న నోటుపుస్తకంలో సిరా మొత్తం కరిగిపోయింది. అమ్మ చేతిరాత ఉన్న వస్తువు ఇంట్లో అదొక్కటే.

నష్టపోయిన ఇళ్ల వివరాలు రాసుకోవడానికి సిబ్బంది వచ్చారు. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25 వేల రూపాయలు ప్రకటించింది. “ఇంటి యజమాని పేరు?” అని అడిగితే ఈ అమ్మాయి నాన్న పేరు చెప్పింది. “ఆయన్ని పిలవండమ్మా” అన్నాడతను. “పిలవడానికి లోపలికి వెళ్లాను మేడమ్” అంది నాతో. గుమ్మం దాటి, బురదలో, వంటింటి దాకా వెళ్లాక గుర్తొచ్చిందట. తలనొప్పులు మొదలైంది ఆ వారంలోనే.

నిర్ధారణ

ఇది డిప్రెషన్ ఒక్కటే కాదు. ఎడతెగని దుఃఖాన్ని ‘ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్’ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 (2022 జనవరి నుంచి అమల్లో ఉంది) ప్రకారం మరణం జరిగి కనీసం ఆరు నెలలు దాటాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల మానసిక వ్యాధుల పట్టిక డీఎస్ఎం-5-టీఆర్ (2022 మార్చి) ప్రకారం పెద్దవాళ్లకు ఏడాది. దాదాపు రోజూ పోయినవాళ్ల కోసం తపించడమో, వాళ్ల ఆలోచనల్లోనే మునిగిపోవడమో ఉండాలి. దాంతోపాటు ఎనిమిది లక్షణాల్లో కనీసం మూడుండాలి. ఆ ఎనిమిదింటిలో మొదటిది, తనలో ఒక భాగం వాళ్లతో పాటే చచ్చిపోయినట్టు అనిపించడం.

దుఃఖాన్ని జబ్బుల పట్టికలో చేర్చడం మీద మా వృత్తిలో తగాదా ఇంకా నడుస్తోంది. నా మట్టుకు, ఏడ్చే ప్రతి మనిషికీ ఈ చీటీ అంటించకూడదు. కానీ మరణం జరిగి ఏళ్లు దాటినా ‘ఇంటి యజమానిని పిలవండి’ అంటే లోపలికి వెళ్లే మనిషికి, కాలమే మాన్పుతుందని చెప్పి పంపేయడం కూడా అన్యాయమే.

పుస్తకాల్లో దుఃఖానికి ఐదు దశలని చదివి, ‘నేనింకా రెండో దశలోనే ఉన్నానా?’ అని అడిగేవాళ్లు చాలామంది వస్తారు. 1969లో సైకియాట్రిస్టు కుబ్లర్-రాస్ చెప్పిన ఆ దశలకు మూలం చావుకు దగ్గరైన రోగులతో ఆమె జరిపిన సంభాషణలు. వెనక మిగిలినవాళ్లు వరసగా ఎక్కాల్సిన మెట్లుగా వాటిని తీసుకోకూడదు. నాకు పనికొచ్చేది పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన పద్ధతి. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు అటూ ఇటూ తిరుగుతుంటాడు, అలా తిరగగలగడమే ఆరోగ్యం అంటారు వాళ్లు. ఈ అమ్మాయి 20 దాకా పూర్తిగా ఒకవైపు, 21 నుంచి పూర్తిగా రెండోవైపు. మధ్యలో దారి లేదు.

వాయిస్ మెసేజ్

ఇలాంటి ఎడతెగని దుఃఖానికి అమెరికన్ సైకియాట్రిస్టు క్యాథరీన్ షియర్ రూపొందించిన పదహారు సెషన్ల చికిత్సలో, మరణం గురించి తెలిసిన ఘడియను కళ్లు మూసుకుని మళ్లీ చెప్పించడం, దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర వినిపించడం ఒక ముఖ్యభాగం. దాన్నే మా పరిస్థితులకు తగ్గట్టు, కాస్త నెమ్మదిగా వాడాను. అమ్మ పోయిన ఉదయం గురించి ఆమె చెప్పగలిగింది. కష్టంగానే, కానీ చెప్పింది. నాన్న దగ్గరికి వచ్చేసరికి ఆటో, ఆసుపత్రి గేటు, అంతే. అక్కడ ఆగిపోయేది.

ఒక రోజు సంచిలోంచి అద్దం పగిలిన పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది. సిమ్ లేదు, కానీ ఛార్జింగ్ నిండుగా ఉంది. ఆసుపత్రి నుంచి నాన్న ఆఖరి రాత్రి పంపిన వాయిస్ మెసేజ్ అందులో ఉంది. పదకొండు సెకన్లది. ఆ టైముకి ఆమె అమ్మకు జావ పట్టించి అలాగే నిద్రపోయింది. తెల్లారి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఆ తర్వాత మెసేజ్ తెరవలేదు. మూడున్నరేళ్లుగా మైకు గుర్తు పచ్చగానే ఉంది, విన్నట్టు నీలంగా మారలేదు.

వెంటనే విందామని నేననలేదు. అందులో ఏముంటుందని భయపడుతున్నావో ముందు కాగితం మీద రాయమన్నాను. ఒకటే వాక్యం రాసింది: ‘నన్ను ఇంటికి తీసుకుపో అమ్మా.’ చేర్పించింది తనే కాబట్టి, ఆయన అడిగాడు, తను నిద్రపోయింది. ఆమె మనసులో కేసు నడిచి తీర్పు కూడా వచ్చేసింది. సాక్ష్యం మాత్రం ఫోనులో మూసి ఉంది. అందులో నిజంగానే ఆ మాట ఉంటే ఏం చేస్తాం అన్నదాని మీద కొన్ని వారాలు పనిచేశాం. భయపడిన మనిషి ఇంటికి పోతాననడం సహజమనీ, 88 దగ్గర ఇంట్లో ఉంచడం కుదరదనీ ఆమె నోటితోనే వచ్చేదాకా ఆగాం. విన్నాక ఎవరింటికి వెళ్లాలి, ఆ రాత్రి పక్కన ఎవరు పడుకోవాలి అన్నవీ ముందే అనుకున్నాం. పిన్ని బయట బెంచీ మీద కూర్చుంది.

నాన్న గొంతు ఆయాసంగా ఉంది, కానీ మాట స్పష్టంగానే ఉంది. “అమ్మాయ్, బండిలో పెట్రోల్ లేదు. రేపు పొద్దున్నే పోయించుకో, మధ్యలో ఆగిపోతావు. అమ్మకు చెప్పకు, తిడుతుంది.”

ముందు నవ్వింది, పెద్దగానే. నవ్వు ఆగాక ఏడ్చింది. ఆ ఏడుపు అంతకుముందు నా గదిలో ఏడ్చిన ఏడుపు కాదు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

అన్నిసార్లూ ఇలా జరగదని కూడా చెప్పాలి. మెసేజ్‌లో ఆ భయపడిన మాటే ఉన్న కేసులు ఉండొచ్చు. అందుకే ముందు సిద్ధం చేయకుండా ఇలాంటివి తెరిపించకూడదు. ఇంట్లోవాళ్లు ‘విను, తేలికపడతావు’ అని బలవంతపెట్టడం అసలు మంచిది కాదు.

మూడో కాలమ్

అపరాధభావం సడలాక అసలు ప్రశ్న ముందుకొచ్చింది. ఆదివారాలు పిన్ని ఇంట్లో ఆమె గుత్తి వంకాయ వండేది. నాన్నకు ఇష్టం. శుక్రవారం ముద్దపప్పు, అమ్మకు ఇష్టం. నీకేం ఇష్టమంటే, అడగకూడని ప్రశ్న అడిగినట్టు నా ముఖంలోకి చూసింది. నోటుపుస్తకంలో మూడు కాలమ్‌లు గీయమన్నాను: నాన్నకు, అమ్మకు, నాకు. మొదటి రెండూ పేజీలు దాటాయి. మూడోది వారాల తరబడి ఖాళీ. తర్వాత ఒక మాట పడింది: ‘రైల్లో కిటికీ పక్క సీటు.’ దాని కింద, మంగళగిరి దాటాక చల్లగాలి. దాని కింద, కాఫీ వద్దు, టీ.

ఒక వారం ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. పుస్తకంలో రాసింది చూపించింది: ‘నాకు వంకాయ నచ్చదు.’ గుంటూరు జిల్లాలో ఇది చిన్న ఒప్పుకోలు కాదు లెండి. కానీ ఆమె ఏడుపు అబద్ధం కాదు. వంకాయ మానేస్తే నాన్నను ఇంకోసారి పంపేసినట్టుందంది. పోయినవాళ్లతో బంధం తెంచుకోవాలని ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఆ బంధం వేరే రూపంలో నడుస్తుంది. నాన్న ఏం తినేవాడో తినడం ఒక రూపం. ‘మధ్యలో ఆగిపోతావు’ అని చెప్పిన మనిషి కూతురిగా, బయల్దేరే ముందు బండి చూసుకోవడం ఇంకో రూపం. రెండోదానికి వంకాయ అక్కర్లేదు.

ఇదే కాలంలో ఇంటి కాగితాల పని మొదలుపెట్టింది. వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురు మొదటి తరగతి వారసురాలు, ఒక్కతే కాబట్టి పేచీ లేదు. అయినా వార్డు సచివాలయం చుట్టూ, మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. మరణ ధృవపత్రాలు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని తిరగడం ఆమెకు సెషన్ల కంటే కష్టమైంది, కొన్ని విధాలుగా సెషన్ల కంటే ఎక్కువ పనిచేసింది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు ఆమె పేరుకు మారాయి. దుఃఖంలో ఉన్నవాళ్ల తరఫున కాగితాల పనంతా మగవాళ్లు చేసిపెట్టడం సాయమే కానీ, కాస్త ఓపిక వచ్చాక కొంతైనా వాళ్ల చేతికి వదలమని నేను చెప్తుంటాను.

అతను

అతని గురించి నేను మొదట విన్నది ఫిర్యాదుగా. అదే ఆఫీసు, తెనాలి అబ్బాయి, సీఏ ఫైనల్ రాస్తున్నాడు. లెడ్జర్ సరిచూడకుండా రిటర్ను ఫైల్ చేస్తాడని ఒక వారం, తప్పు తనది కాదని వాదిస్తాడని ఇంకో వారం. అతను నాలుగేళ్లుగా పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఆమెకు ఇప్పుడు కనబడ్డాడు. పెళ్లిచూపుల అబ్బాయిలో ఆమె ఒక్క లోపం చెప్పలేకపోయింది, అసలు అతన్ని చూడలేదు కాబట్టి. ఇతని లోపాలు పేజీ నిండా ఉన్నాయి. అది నాకు మంచి సూచనగా తోచింది.

కొన్నాళ్లకు తనంటే ఇష్టమన్న సంగతి అతనే ఆమెతో అన్నాడు. ఆమె సంతోషంగా రాలేదు, కంగారుగా వచ్చింది. “ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి అంటాడు మేడమ్. ఆ మాటకే కడుపు నిండిపోతుంది. నాకు నచ్చింది అతనా, అలా అడగడమా?” ఈ ప్రశ్న నేను అడగాల్సింది. ఆమే అడిగింది.

చికిత్స మధ్యలో ప్రేమ వస్తే పెద్ద నిర్ణయాలు వాయిదా వేయమని చెప్పడం మాకు అలవాటు. ‘వద్దు’ అని మాత్రం నేననలేదు. తల్లిదండ్రులు లేని మనిషికి తిన్నావా అని అడిగే గొంతు కావాలనిపించడం తప్పు కాదు. ఆ గొంతు వెనక ఉన్న మనిషితో ‘కాదు’ అనగలుగుతోందా అన్నదే నేను చూశాను. అతను లేకపోతే ఏమవుతుందని అడిగాను. ఆలోచించి, “ఏడుస్తాను. 21న ఆఫీసుకు వెళ్తాను” అంది. ఆ ఏడాది మొదట్లో ఆమె ఈ మాట అనగలిగేది కాదు.

అసలు పరీక్ష అతను పెళ్లి త్వరగా చేసుకుందామన్నప్పుడు వచ్చింది. అతని ఇంట్లో ఒప్పుకున్నారు, కులం వేరైనా. పైగా ఈమెకు ఎవరూ లేరు కాబట్టి తొందరగా ఇంటికి తెచ్చుకుందామన్నారు. ఆమె ఆగుదామంది. “ఎవరూ లేరని కాదు, నేను కావాలని రమ్మను” అందట అతనితో. అతను రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఆ రెండు రోజులూ నిద్రపోయానని నాకు చెప్పింది. మూడో రోజు టీకి పిలిచి, మాట దాటెయ్యకుండా, ‘మా అమ్మ అన్నదే నేనూ అనేశాను’ అన్నాడు.

పెదనాన్న

కుటుంబంతో ఒకసారి కూర్చోవాలని పెదనాన్నను, పిన్నిని పిలిచాను. పెదనాన్న తలుపు దగ్గర నుంచే మొదలుపెట్టాడు. “పిల్ల ఒంటరిగా ఉంటే నాకు నిద్ర పట్టదండి. ఆ కులమూ అదీ తర్వాత. రేపు ఏదన్నా అయితే నన్నంటారు.” ఇలాంటివాళ్లను అడ్డంకిగా చూడటం సులువు. ఆయన తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి కూడా. తమ్ముడి దహనానికి కొడుకును పంపి తను ఇంట్లో ఉండిపోయాడు, బీపీ, షుగర్ ఉన్నాయని ఇంట్లోవాళ్లు ఆపేశారు. మీకెలా ఉందని ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను అడిగితే చాలాసేపు చేతిరుమాలు మడతపెడుతూ కూర్చున్నాడు. పెళ్లి గురించి ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు.

2016 కృష్ణా పుష్కరాల్లో నాన్న తన తండ్రికి పిండం పెడుతుంటే ఈ అమ్మాయి పక్కన నిలబడి చూసింది. నాన్నకు తను ఏమీ చేయలేదన్న కొరత అలాగే ఉండిపోయింది. 2025 మహాలయ అమావాస్యకు పెదనాన్నే ఒక పురోహితుణ్ణి ఒప్పించి, ఆమె చేతే తర్పణం వదిలించాడు. ఇద్దరు ముగ్గురు పురోహితులు కుదరదన్నాక దొరికాడాయన.

ఇప్పటి స్థితి

పీహెచ్‌క్యూ-9 ఇప్పుడు 5. వారం వారం వచ్చే మనిషి రెండు నెలలకోసారి వస్తోంది. సింగ్‌నగర్ ఇల్లు బాగుచేయించుకుని అక్కడే ఉంటోంది. అమ్మ మిషన్ తుప్పు వదలక పాత ఇనుముకు వేసేసింది. కాలి పెడల్ ఒక్కటి ఉంచుకుంది. సీఏ పరీక్ష అయ్యాక పెళ్లి అనుకున్నారు. గుడిలోనా, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఇచ్చి రిజిస్టర్ ఆఫీసులోనా అన్నది ఇంకా తేలలేదు. కన్యాదానం తనే చేస్తానని పెదనాన్న గుడి వైపు లాగుతున్నాడు.

తేలనిది ఇంకొకటి ఉంది. ఆసుపత్రి గేటు ఆమె ఇప్పటికీ దాటలేదు. ఈమధ్య అతని తల్లికి కంటి శుక్లాల ఆపరేషన్ అయితే పళ్లు పట్టుకుని గేటు దాకా వెళ్లి, వాచ్‌మన్ చేతికిచ్చి వెనక్కి వచ్చేసింది. రేపు పెళ్లయ్యాక, పిల్లలు అనుకున్నాక, ఇది మామూలు ఇబ్బంది కాదు. వచ్చే నెల నుంచి దాని మీద పని మొదలుపెడుతున్నాం. మొదటి వారం గేటు ఎదురుగా ఉన్న మందుల షాపు దాకా. అతను పక్కన ఉండకూడదని షరతు పెట్టింది ఆమే.